గుండ్రని బంతి కోసం కోలగా గీశాను

మా మేనల్లుడి వాలీబాల్ జట్టుకు పద్నాలుగు టీషర్టుల మీద ఎంబ్రాయిడరీ చేసివ్వాలి. ఛాతీ మీద ఎర్రటి బంతి, చుట్టూ నల్లటి అంచు, కింద ‘సింహపురి’ అనే అక్షరాలు. నెల్లూరు పాత పేరు కదా, పిల్లలు ముచ్చటపడి ఎంచుకున్నారు. కాటన్ జాకెట్టు చేతుల మీద ఎన్నో డిజైన్లు కుట్టిన అలవాటుతో, కంప్యూటర్ తెర మీద సరిగ్గా 40 మిల్లీమీటర్ల వృత్తం గీసి ఎంబ్రాయిడరీ మెషిన్ మీద పెట్టేశాను. ఫ్రేము విప్పి చూపిస్తే వాడు అన్న మొదటి మాట: “అత్తా, బంతి కోడిగుడ్డులా ఉందేమిటి?”

స్కేలు పెట్టి కొలిచాను. అడ్డంగా 38.6, నిలువుగా 40.5. కుడి ఎడమల్లో ఎరుపుకూ నలుపుకూ మధ్య తెల్లటి బట్ట సన్నని నెలవంకలా కనిపిస్తోంది. పైనా కిందా మాత్రం ఎరుపు పొంగి నల్ల అంచులోకి చొచ్చుకుపోయింది.

మొదట బట్టను ఫ్రేములో ఇంకా బిగించాను. అది పెద్ద పొరపాటు. విప్పగానే సాగిన బట్ట వెనక్కి ముడుచుకుని బంతి చుట్టూ ముడతలు పడ్డాయి. తర్వాత సందు కప్పుదామని కుట్లు మరింత దగ్గరగా వేశాను. దారం ఎక్కువైన కొద్దీ లాగుడూ ఎక్కువై, నెలవంక ఇంకా వెడల్పయింది.

అప్పుడు టీషర్టులు పక్కన పెట్టి, పాత బనియన్ ముక్క మీద రెండు చదరాలు కుట్టాను. ఒకదానికి అడ్డకుట్టు, రెండోదానికి నిలువుకుట్టు. అడ్డకుట్టు చదరం వెడల్పు తగ్గింది, నిలువుకుట్టుది ఎత్తు తగ్గింది. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు విషయం బోధపడింది. బిగువుగా పడే ప్రతి కుట్టూ తన రెండు కొసలనూ కొంచెం దగ్గరకు లాగుతుంది. కుట్టు నడిచే దిశలో బొమ్మ ఇరుకవుతుంది. వరస పక్కన వరస ఒత్తుకుంటూ చేరడం వల్ల దానికి అడ్డదిశలో బొమ్మ బయటికి తోసుకువస్తుంది. నా బంతిలో 0.4 మిల్లీమీటర్ల ఎడంతో దాదాపు వంద అడ్డ వరసలున్నాయి. సాగే బట్ట ఆ ఒత్తిడికి ఎలా ఆగుతుంది?

బట్టకు ఊతంగా కింద పెట్టే, కుట్టాక చింపి తీసేసే పేపర్ బదులు, చుట్టూ కత్తిరించి లోపల అలాగే వదిలేసే రకం పెట్టాను. బట్టను సాగదీయకుండా, ముడత లేకుండా మాత్రమే ఫ్రేములో బిగించాను. పై కుట్టు అడ్డంగా ఉంది కాబట్టి దాని కింద పలుచగా నిలువు అండర్‌లే, అంటే అడుగు కుట్టు, వేశాను. పై కుట్టు పడకముందే బట్టను పేపర్‌కు పట్టి ఉంచేది అదే. ఇవన్నీ అయ్యాకే లెక్క మార్చాను. ఎంబ్రాయిడరీ డిజైన్లు గీయడానికి నేను వాడేది ఉచితంగా దొరికే ఇంక్‌స్టిచ్ అనే సాఫ్ట్‌వేర్. అందులో పుల్ కాంపెన్సేషన్ (లాగుడును సరిపెట్టే కొలత) అనే గడిలో 0.4 మిల్లీమీటర్లు ఇస్తే, ప్రతి వరసా రెండు కొసల్లోనూ అంత మేర పొడుగవుతుంది. పొంగేది కూడా తగ్గాలి కాబట్టి ఎత్తును 39.5కు కుదించాను. తెర మీద అడ్డంగా సాగిన కోల బంతి కనిపించింది. కుట్టాక స్కేలు పెడితే అటూ 40, ఇటూ 40. నల్ల అంచు ఎక్కడా సందు లేకుండా కూర్చుంది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అక్షరాలు ఇంకో పాఠం నేర్పాయి. అదే 0.4ను ‘సింహపురి’కీ ఇచ్చేశాను. ‘సి’ మీది గుడి లోపలి ఖాళీ పూడిపోయింది, సున్న చుక్కలా మారింది. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరంలో గీత వెడల్పే ఒకటిన్నర మిల్లీమీటర్లు. గీతకు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు అడ్డంగా పడే అంత పొట్టి శాటిన్ కుట్టు, బంతిలోని పొడవాటి వరసల్లా లాగదు. 0.2కు తగ్గించి, సున్న లోపలి ఖాళీని కాస్త పెద్దదిగా గీశాను. మూడో ప్రయత్నానికి గుడీ సున్నా తేటగా విడివడ్డాయి. తెలుగు అక్షరాలకు అందమంతా ఆ గుండ్రని ఖాళీల్లోనే ఉంది. వాటిని పూడనివ్వడం నాకు ఇష్టం లేదు.

మొన్న అదే బొమ్మను మందపాటి కాటన్ సంచి మీద అడిగారు. టీషర్టు ఫైలుతోనే ముందు ఒక ముక్క మీద కుట్టి చూస్తే బంతి అడ్డంగా వెడల్పయింది. ఆ బట్ట అంతగా లొంగదు. 0.2 పెట్టి వేరే ఫైలుగా దాచాను. ఇప్పుడు ప్రతి ఫైలు పేరులోనూ బట్ట పేరు ఉంటుంది. కొలత రాసిన నమూనా ముక్కలు నోటుపుస్తకంలో పిన్ను గుచ్చి ఉంటాయి.