లంబసింగి చలికి మొరాయించిన కారు డోర్

లంబసింగిలో తెల్లారగట్ల మా కారు వెనక డోర్ పడలేదు. ఎంత బలంగా వేసినా ఠక్కున తగిలి వెనక్కొచ్చేస్తోంది. "ఇంకాస్త గట్టిగా వెయ్యవోయ్" అంటాడు బావ. బండికి ఏ రోగమొచ్చినా ఆయన దగ్గరున్న మందు అదొక్కటే! ఎండెక్కాక దానంతటదే పడింది.

వైజాగ్ వచ్చాక లాచ్ విప్పకుండానే బాగుచేశాను. డోర్ అంచున ఉండే లాచ్‌లో కొక్కెం లాంటి ముక్క ఒకటి ఉంటుంది. డోర్ వేయగానే అది తిరిగి, బాడీకున్న స్ట్రైకర్ కడ్డీని పట్టుకుంటుంది. పక్కనే స్ప్రింగుతో పనిచేసే చిన్న పల్లు దాన్ని వెనక్కి తిరగనీయకుండా ఆపాలి. పాత గ్రీజు దుమ్ముతో కలిసి జిగురైపోతే, చలికి మరింత బిగిసి ఆ పల్లు టైముకి కదలదు. మనూళ్లో అంత చలి లేదు గానీ, బీచ్ రోడ్డు దగ్గర పార్క్ చేసే బండికి ఉప్పుగాలి తుప్పు ఎలాగూ తప్పదు.

జిడ్డు, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి, స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని మూయడం, హ్యాండిల్ లాగి వదిలించడం. అలా చేస్తూ ఉంటే కాటుకలా నల్లటి జిడ్డు కారింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, వైట్ లిథియం గ్రీజు పెట్టాను. డబ్ల్యూడీ-40 ఒక్కటే కొట్టి వదిలేస్తే ఎక్కువ రోజులు ఆగదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: కొక్కెం మూసి ఉండగా డోర్ వేస్తే స్ట్రైకర్‌కి గుద్దుకుంటుంది. ముందు హ్యాండిల్ లాగి వదిలించాలి.

డిక్కీ లాచ్ కూడా కిర్రుమంటోంది. ఆదివారం దాని పని చూడాలి.