జీరో వెళ్తే ఆ పొలాలు చూడండి

జీరో అరుణాచల్ ప్రదేశ్‌లో ఆపతానీ తెగ వాళ్ళుండే లోయ, వెళ్ళాలంటే ముందు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాల వాళ్ళు అక్కడికి వెళ్ళడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. చాలామంది మ్యూజిక్ ఫెస్టివల్ కోసమే వెళ్తారు గానీ నాకైతే ఆ పొలాలు తెగ నచ్చేశాయి. వరి మడుల్లోనే చేపలు పెంచుతారండీ, మడి మధ్యలో కాలవ తవ్వి ఉంచుతారు, నీళ్ళు తగ్గితే చేపలన్నీ అందులోకి చేరిపోతాయి, గట్ల మీదేమో రాగులు, నాగలి లేదు ఎద్దుల్లేవు అంతా చేత్తోనే, ఎంత తెలివైన సేద్యమో! చుట్టూ పైన్ చెట్లు.

ముక్కుకి రెండువైపులా పెద్ద బిళ్ళలు పెట్టుకున్న ముసలమ్మలు కనిపిస్తారు, ఆ పద్ధతి 1970ల నుంచి ఆగిపోయింది, అందుకే చిన్నవాళ్ళకి ఉండవు. దయచేసి అడక్కుండా వాళ్ళ ఫోటోలు తియ్యొద్దు, గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ మొహం మీదకి కెమెరా పెట్టేవాళ్ళని చూస్తే నాకు చాలా కోపమొచ్చింది. కుదిరితే హోమ్‌స్టేలో ఉండండి. ఈసారి నాట్లప్పుడు వెళ్ళాలి నేను.