నాయన సంతకం వణకడం మొదలయ్యాక

నాయన ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. ఖాతాలో డబ్బుంది, సంతకం కలవలేదట. 30 ఏళ్లు బడిలో హాజరు పట్టీలు రాసిన చెయ్యి అది. చేతులు వణికే జబ్బు పార్కిన్సన్ వచ్చాక పేరులో మొదటి రెండక్షరాలు బాగానే పడతాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే చిన్నదైపోతూ చివరికి చీమలు పాకినట్టుంటుంది. బ్యాంకులో మూడుసార్లు చేయించారు. మూడోసారికి నాయన పెన్ను కింద పెట్టి, "పోదాం పద పాపా" అన్నాడు.

మేముండేది తిరుపతి భవానీ నగర్‌లో. పాకాల దగ్గర సొంతూళ్లో నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. పెన్షను, కాయల డబ్బు, ఇన్సూరెన్సు, ఇంటి పన్ను అన్నీ నాయన పేరు మీదే. తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. నాయనకు వైద్యం చేస్తున్న డాక్టరు చాలా రోజుల ముందే చెప్పారు: "ఇప్పుడు ఆయన ఆలోచన, జ్ఞాపకం చక్కగా ఉన్నాయి. కాగితాల పనులేవైనా ఉంటే ఈలోపే చేసుకోండి." ఆ మాట బరువు ఎంతో నాకు లాయరమ్మ దగ్గర కూర్చున్నాకే తెలిసింది.

డబ్బు వ్యవహారాలకూ ఆస్పత్రికీ కలిపి ఒకే పవర్ (పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పనులు చూడమని ఒకరికి రాసిచ్చే అధికార పత్రం) రాయించుకుంటే సరిపోతుందనుకుని వెళ్లాను. "కుదరదమ్మా" అన్నారామె. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం పవర్ ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా ఆ పవర్ మామూలుగా రద్దయిపోతుంది. మతి తప్పిన తర్వాత కూడా నిలిచే పవర్ కొన్ని దేశాల్లో ఉంది, మన దగ్గర లేదు. మనిషి కోమాలోకి పోతే ఇంట్లోవాళ్లు తమను సంరక్షకులుగా నియమించమని హైకోర్టును అడగాల్సి వస్తుంది. నాకు గుండె జారిపోయింది. మరి ఈ కాగితం ఎందుకని అడిగాను. "కాలు కదలక, చెయ్యి వణుకుతూ, మనసు మాత్రం బాగున్న రోజులు చాలా ఉంటాయి. వాటికి" అన్నారు. దాంతోపాటు బ్యాంకు ఖాతాలో నా పేరు కూడా చేర్పించి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించమన్నారు.

నాయన భయం వేరు. "పవర్ రాసిచ్చేస్తే నా చేతిలో ఇంకేమీ ఉండదా?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు. మరుసటి రోజు లాయరమ్మే ఆయనకు నిదానంగా చెప్పారు. ఆస్తి ఆయనదే, ఖాతా ఆయనదే, ఆయన చేసుకోగలిగిందంతా ఆయనే చేసుకోవచ్చు, నచ్చకపోతే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. అప్పుడు కానీ కుదుటపడలేదు.

పత్రం తెలుగులోనే ఉండాలని నేను పట్టుబట్టాను. దస్తావేజులు రాసే రైటరు దగ్గరున్న నమూనాలో అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం కూడా ఉన్నాయి. చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు, అది చాలా ప్రమాదం. నాయన కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కో పంక్తీ చూపిస్తూ చదివాడు. "విక్రయించుటకు" అన్న చోట ఆగి, ఆ వాక్యం మొత్తం తనే కొట్టేశాడు. గీత వంకరగా పోయింది కానీ ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. నేను ఏమీ అనుకోలేదు. ఆ తోటలో మొదటి మొక్కలు నాటింది మా అమ్మా ఆయనా కలిసి.

నోటరీ చాలని కొందరన్నారు. రేపు నాయన తరఫున ఏదైనా పత్రం నేను రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్లాలంటే సబ్ రిజిస్ట్రార్ ముందు చేసిన పవరే కావాలి కాబట్టి అక్కడికే వెళ్లాం. మంచం దిగలేని వాళ్ల కోసం అధికారి ఇంటికొచ్చే వీలు కూడా ఉంది. నాయన మాత్రం తానే వస్తానన్నాడు. ఆధార్ కార్డులు, ఫొటోలు, ఇద్దరు సాక్షులు, బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ పట్టుకెళ్లాం. నాయన బొటనవేలు అరిగిపోయి మెషీన్‌లో ముద్ర పడలేదు. తడి గుడ్డతో తుడిచి, నా రెండు చేతులతో ఆ వేలు కదలకుండా పట్టుకుంటే నాలుగోసారికి పడింది. "పెద్దాయనా, ఇది ఏం కాగితమో తెలుసా?" అని అడిగారు సబ్ రిజిస్ట్రార్. "తెలుసు సార్. నేను తిరగలేనప్పుడు నా బిడ్డ నా పనులు చూసేదానికి. తోట అమ్మేదానికి కాదు" అన్నాడు. అక్కడే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బ్యాంకువాళ్లు అసలు పత్రం చూసి, నకలు తీసుకుని, పరిశీలన అయ్యాక నా సంతకం ఎక్కించారు. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు మాత్రం ఈ పవర్ పనికిరాదు. దాన్ని ఇంట్లోనే ఫోన్‌లో నాయన ముఖం చూపించి పంపాం.

ఆస్పత్రి సంగతే అసలు కష్టం. అమ్మ చివరి 11 రోజులు వెంటిలేటర్ మీద ఉంది. తీసేయమనాలని నాకుంది, తమ్ముడు వద్దన్నాడు. ఆమెకేం కావాలో మా ఇద్దరిలో ఎవరమూ ఎప్పుడూ అడిగి ఉండలేదు. అందుకే లాయరమ్మ లివింగ్ విల్ (చివరి దశలో తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం) గురించి చెప్పగానే వదల్లేదు. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది. 2023లో మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే పని తీసేసి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరణ చాలంది. అది నయం కాని స్థితిలో ప్రాణం నిలిపే యంత్రాలు వద్దనడానికే. అప్పుడు కూడా రెండు డాక్టర్ల బోర్డులు చూసి ఒప్పుకోవాలి.

నాయన చెబుతుంటే నేను రాశాను. "నొప్పి తగ్గించండి. నీళ్లు తాగించండి. మీ అమ్మకు పెట్టినట్టు గొట్టాలు పెట్టొద్దు." నిర్ణయం చెప్పేవాళ్లుగా నా పేరు, తమ్ముడి పేరు రెండూ పెట్టించాడు. తమ్ముడికి ఫోన్ చేస్తే, "ఇప్పుడే ఎందుకక్కా ఇవన్నీ" అని కోప్పడ్డాడు. నాయన ఫోన్ తీసుకుని, "నేను చెప్పగలిగినప్పుడే చెప్తాండా. వినరా" అన్నాడు.

ఒక నకలు డాక్టరుకు ఇచ్చాం. ఇంకోటి మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసులో టపాలు సెక్షన్‌లో ఇచ్చి, నా కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఆ ఆదివారం తమ్ముడు వచ్చాడు. వరండాలో కూర్చుని ఆ రెండు పేజీలూ చదివాడు, మళ్లీ మొదటినుంచి చదివాడు. తన కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, లోపలికెళ్లి నాయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.