ఒకటి, రెండు తరగతుల పిల్లలున్న ఇంట్లో కుటుంబ ప్రార్థన

మన ఇళ్లలో కుటుంబ ప్రార్థన ఎక్కువగా రాత్రి భోజనాలయ్యాక, తొమ్మిది దాటాక మొదలవుతుంది. రెండు పాటలు, బైబిల్లో ఒక పూర్తి అధ్యాయం, నాన్న వివరణ, ఆ తర్వాత ఒక్కొక్కరి ప్రార్థన. ముప్పావు గంట ఇట్టే అయిపోతుంది. పెద్దవాళ్లకు అది మనసు తేలికపడే సమయం. ఏడేళ్ల పిల్లవాడు మాత్రం ఆ ముప్పావు గంటా కునికిపాట్లు పడుతూ, మధ్యమధ్యలో తొడపాశం తింటూ గడుపుతాడు. నెలల తరబడి ఇలాగే సాగితే ప్రార్థనంటే నిద్రాపుకోవడమని వాడికి స్థిరపడిపోతుంది. అందుకే ముందు మార్చాల్సింది టైము.

స్కూలు నుంచి వచ్చి, ఆడుకుని, హోంవర్క్ ముగించాక, భోజనానికి ముందు కూర్చోండి. ఏడు, ఏడున్నర ప్రాంతం బాగుంటుంది. మొత్తం పది నిమిషాలు చాలు. పాటకు రెండు, వాక్యానికి నాలుగు, మాట్లాడుకోవడానికి రెండు, ప్రార్థనకు రెండు. పెద్దవాళ్ల ప్రార్థన ఆపమని కాదు, దాన్ని పిల్లలు పడుకున్నాక పెట్టుకోవచ్చు. నాన్న డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చే ఇంట్లో అమ్మో నాయనమ్మో నడిపించాలి. నాన్న వచ్చేదాకా ఆగుదామనుకుంటే వారంలో సగం రోజులు ప్రార్థనే ఉండదు.

పిల్లలకు ఒక పని అప్పగించండి. బైబిలు తెచ్చిపెట్టడం, పాట ఎంచుకోవడం, అయ్యాక రిబ్బన్ సరైన పేజీలో పెట్టడం. ఏ పని ఇస్తే అది వాళ్లదే, రోజూ మార్చొద్దు. ఫోన్లో వాక్యం చదవకపోవడం మంచిది. పిల్లలకు ఫోను కనబడితే కళ్లు దాని మీదే ఉంటాయి, పైగా మధ్యలో మెసేజ్ వస్తే మనమూ అటే చూస్తాం.

ఏం చదవాలి? ఆదికాండము మొదటి అధ్యాయం నుంచి వరసగా మొదలుపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. అయిదో అధ్యాయంలో వంశావళి దగ్గరే పిల్లలు జారిపోతారు, లేవీయకాండము దాకా వెళ్లేసరికి పెద్దవాళ్లూ వదిలేస్తారు. ఈ వయసుకు మార్కు సువార్త సరిపోతుంది. 16 అధ్యాయాలే, మాటలకన్నా పనులెక్కువ. అధ్యాయం లెక్కన కాకుండా సంఘటన లెక్కన తీసుకోండి. కుష్ఠరోగి (1:40–45), కప్పు విప్పి దించిన పక్షవాయువు రోగి (2:1–12), తుపాను (4:35–41), యాయీరు కుమార్తె (5:21–43), అయిదు రొట్టెలు రెండు చేపలు (6:30–44), చిన్నబిడ్డలు (10:13–16), గుడ్డి బర్తిమయి (10:46–52), బీద విధవరాలి రెండు కాసులు (12:41–44). ఒక్కో సంఘటనకు రెండు మూడు రోజులు కేటాయించినా నష్టం లేదు. ఈ వయసు పిల్లలు అదే కథ మళ్లీ చెప్పమంటారు. ఆరో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను తల నరికిన భాగాన్ని మరికొన్నేళ్లు పక్కన పెట్టవచ్చు.

భాష అసలైన అడ్డంకి. మన పాత బైబిలు గ్రాంథికంలో ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఒత్తులున్న పెద్ద మాటలు చదవడమే కష్టం, ఇక అర్థం సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని ముందు బైబిలు తెరిచి పెట్టుకుని ఆ సంగతిని ఇంటి తెలుగులో నిమిషంన్నరలో చెప్పండి. ఆ తర్వాతే వచనాలు చదవండి. ఏం జరిగిందో ముందే తెలిస్తే "పరుపుతోనే దింపిరి" అన్న మాట దానంతటదే అర్థమవుతుంది. తలకిందులు చేసి ముందు చదివి తర్వాత వివరిస్తే, చదివినంతసేపూ పిల్లలు దిక్కులు చూస్తారు. చివర్లో ఒక్క వాక్యం పిల్లల చేత, వేలు పెట్టించి చదివించండి. అమెరికాలో పెరుగుతున్న పిల్లలైతే తెలుగులో విని, ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో చదివినా చాలు.

పక్షవాయువు రోగి సంగతి చెప్పేటప్పుడు ఒక తువ్వాలు, ఒక బొమ్మ తీసుకోండి. తువ్వాలు నాలుగు కొసలు నలుగురు పట్టుకుని మంచం మీద నుంచి బొమ్మను కిందికి దించాలి. ఒకరు తొందరపడితే బొమ్మ ఒరిగి పడిపోతుంది. నలుగురూ ఒక్కలాగే దించాలని పిల్లలకు చేతులతో తెలుస్తుంది. అక్కడి ఇళ్ల కప్పు బల్లపరుపుగా ఉండేదని, బయటి మెట్లెక్కి పైకి వెళ్లేవారని, దూలాల మీద కొమ్మలు పరిచి మట్టి మెత్తేవారని చెప్పండి. "మరి ఆ కప్పు ఎవరు బాగుచేశారు?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. బైబిలు చెప్పలేదు కాబట్టి "అది రాయలేదమ్మా" అనండి. తెలియనిది కల్పించి చెబితే, పెద్దయ్యాక ఏది వాక్యమో ఏది నాన్న కల్పనో వాళ్లకు తేడా తెలియదు.

తర్వాత "ఈ కథలో నీతి ఏంటి?" అని మాత్రం అడగొద్దు. ఏ కథకైనా "దేవుణ్ని నమ్మాలి" అనే జవాబు వస్తుంది, ఎందుకంటే సండే స్కూల్లో దానికే చాక్లెట్ ఇస్తారు. "ఆ రోజు ఆ ఇంట్లో నువ్వుంటే ఎక్కడ కూర్చునేదానివి?", "ఎవరికి కోపమొచ్చింది?", "యేసయ్య ముందు ఏమన్నాడు, తర్వాత ఏం చేశాడు?" అని అడగండి. ఈ మూడో ప్రశ్నతో, నడిపించడానికి ముందే పాపక్షమాపణ మాట అన్నాడని పిల్లలే పట్టుకుంటారు.

ఇక ప్రార్థన. "మహోన్నతుడా, పరిశుద్ధుడా, నీ పాదాల చెంతకు వచ్చి ఉన్నాం తండ్రీ" అని పిల్లలు గడగడా అప్పజెబుతుంటే మనం మురిసిపోతాం. అవి మన మాటలు, వాళ్లవి కావు. మూడే వాక్యాలు నేర్పండి. ఈ రోజు జరిగిన ఒక మంచికి స్తోత్రం, చేసిన ఒక తప్పుకు క్షమాపణ, వేరేవాళ్ల కోసం ఒక మనవి. "క్లాసులో మనోజ్‌కి కాలు విరిగింది, బాగుచేయి" అంటే అది చక్కని ప్రార్థన. మధ్యలో సరిదిద్దకండి. నవ్వు వచ్చినా ఆపుకోండి, ఒకసారి నవ్వితే ఆ బిడ్డ మళ్లీ గట్టిగా ప్రార్థించదు.

ఎక్కువ ఇళ్లలో జరిగే నష్టం మరొకటుంది. "ప్రభువా, వీడికి బుద్ధి దయచేయి, అన్నం దగ్గర ట్యాబ్ అడగకుండా చేయి, చెల్లిని కొట్టే గుణం తీసేయి" అని కళ్లు మూసుకుని పిల్లవాడు వింటుండగా ప్రార్థిస్తాం. అది దేవుడితో మాట్లాడటం కాదు, దేవుణ్ని సాక్షిగా నిలబెట్టి పిల్లవాణ్ని తిట్టడం. వాడు ఎదురు చెప్పలేడు, కళ్లు తెరవలేడు. ఆ మాటలు చెప్పాలంటే మామూలుగా, కళ్లలోకి చూస్తూ, ప్రార్థన కాని వేళ చెప్పండి. "యేసయ్య చూస్తున్నాడు, కళ్లు పోతాయి", "వాక్యం చెప్పకపోతే అన్నం లేదు" అనే మాటలూ ఇలాంటివే. "మీ పిల్లలకు కోపము రేపక" అని ఎఫెసీయులకు 6:4లో పౌలు తండ్రులకు రాశాడు. ప్రార్థనను బెత్తంలా వాడితే ఆ కోపం దేవుడి మీదికే పోతుంది.

అబద్ధం చెప్పి దొరికినప్పుడు ఏం చేయాలి? ముందు, తెలిసిన సంగతిని మళ్లీ అడిగి ఇరికించకండి. "బాటిల్ నువ్వే పగలగొట్టావా?" అంటే మరో అబద్ధం వస్తుంది. "బాటిల్ పగిలింది, నువ్వు పగలగొట్టావని నాకు తెలుసు" అని నేరుగా చెప్పండి. రెండోది, జరిగింది వాళ్ల నోటితో చెప్పించండి. మూడోది, సరిచేసే పని ఒకటి ఇవ్వండి. గాజు ముక్కలు మీరే ఏరి, నీళ్లు వాళ్ల చేత తుడిపించండి. తర్వాత చిన్న ప్రార్థన, "క్షమించాను" అనే మాట. ఆ మాట పైకి వినబడేలా అనాలి. అన్నాక మర్నాడు అత్తయ్య ఫోన్ చేసినప్పుడు మళ్లీ ఆ సంగతి ఎత్తకూడదు. ఎత్తితే క్షమాపణ అబద్ధమైపోతుంది.

కంఠత వాక్యం వారానికి ఒకటి చాలు. వాళ్ల జీవితంలో పనికొచ్చేది చూసుకోండి. చీకటికి భయపడే బిడ్డకు కీర్తన 56:3, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను". ముందు "భయమేసినప్పుడు నీ దగ్గరికి వస్తాను" అని అర్థం చెప్పండి. సోమవారం చివరి ముక్క "నిన్ను ఆశ్రయించుచున్నాను" మాత్రమే. బుధవారానికి ముందు ముక్క కలపండి. చివరి నుంచి నేర్పితే చెబుతూ చెబుతూ బాగా వచ్చిన చోటికి చేరుకుంటారు, మధ్యలో ఆగిపోరు. శనివారం పాత వాక్యాలు రెండు తిరగెయ్యాలి, లేకపోతే నెలకే మరిచిపోతారు. చుట్టాలు వచ్చినప్పుడు నిలబెట్టి చెప్పించడం మాత్రం మానండి.

నాయనమ్మ కోసం రోజూ ప్రార్థించాక నాయనమ్మ చనిపోతే? "దేవుడికి ఇష్టమైనవాళ్లను ముందు తీసుకెళ్తాడు" అంటే తననూ తీసుకెళ్తాడేమోనని పిల్లలు బెంగపడతారు. మందిరంలో "ప్రభువునందు నిద్రించారు" అని చెప్పడం వింటారు, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలుంటారు. సూటిగా చెప్పండి. "నాయనమ్మ చనిపోయింది. శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఆమె యేసయ్య దగ్గర ఉంది. మనం అడిగినట్టు జరగలేదు, ఎందుకో నాకూ తెలియదు. స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు యేసయ్య కూడా ఏడ్చాడు, మనమూ ఏడవొచ్చు." యోహాను 11:35 ఆ రోజు చదవండి, అదొక్కటే చాలు.

స్కూల్లో ప్రసాదం సంగతి చాలామంది తల్లిదండ్రులను కలవరపెడుతుంది. మీ సంఘం, మీ మనస్సాక్షి ఏది ఒప్పుకుంటే అది పాటించండి. తినకూడదనుకుంటే పిల్లలకు అనడానికి ఒక వాక్యం ముందే ఇవ్వండి: "మా ఇంట్లో తినం రా, థాంక్స్." ఇంట్లో రెండు మూడుసార్లు అనిపించి చూడండి. చెత్తబుట్టలో వేయడం, స్నేహితుడి దేవుణ్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పని కూడా అంత గట్టిగానే చెప్పాలి. ఏ వాక్యమూ ఇవ్వకపోతే పిల్లలు దొంగతనంగా తింటారు, లేదా మొహం మీద అనరాని మాట అంటారు.

ఊరికి వెళ్లినప్పుడు తాతయ్య గంటసేపు ప్రార్థన చేస్తారు. ఆయనకు ముందే చెప్పండి: "నాన్నా, మొదటి పాట, వాక్యం పిల్లలతో కానిద్దాం, తర్వాత వాళ్లు పడుకుంటారు." ఆయన ఒప్పుకోకపోతే పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చోండి, నిద్రపోతే లేపకండి. జ్వరమొచ్చిన రోజు ఒక పాట చాలు. వారం రోజులు తప్పిపోతే, వదిలేసిన భాగమంతా ఒకే రాత్రి చదివి పూర్తి చేయాలని చూడకండి, రిబ్బన్ ఉన్న పేజీ నుంచే మొదలుపెట్టండి.