క్లబ్బు తలుపు తెరుచుకున్న సినిమా

మేము అట్లాంటా శివారులో స్థిరపడి పదిహేనేళ్లు దాటింది. రెండో ప్రపంచయుద్ధం పాఠంలో నల్లజాతి పైలట్ల గురించి రెండే రెండు వాక్యాలు ఉన్నాయని మా అమ్మాయి చెప్పినప్పుడు, ఆ లోటు తీరుతుందన్న ఆశతో, ఆ పైలట్ల దళం కథగా 2012లో వచ్చిన ‘రెడ్ టెయిల్స్’ సినిమాను పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని చూశాను. పెద్ద స్టూడియోలు ముందుకు రాకపోతే ‘స్టార్ వార్స్’ సృష్టికర్త జార్జ్ లూకాస్ సొంత డబ్బుతో నిర్మించిన సినిమా కనుక దాని మీద నాకు ముందే గౌరవం ఉంది. నిరాశ ఎక్కువ కావడానికి అదే కారణమేమో.

నల్లవారికి యుద్ధానికి కావలసిన బుద్ధీ ధైర్యమూ లేవన్న 1925 నాటి సైనిక నివేదిక మాటలతో మొదలయ్యే సినిమా, ఆ మాటలతో తలపడకుండా నేరుగా 1944 నాటి ఇటలీకి వెళ్లిపోతుంది. 1941లో అలబామాలోని టస్కీగీలో మొదలైన శిక్షణ గానీ, దళనాయకుడు బెంజమిన్ డేవిస్ వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో నాలుగేళ్లపాటు తోటి విద్యార్థులెవరూ పలకరించని వెలిని భరించి, 1936లో 276 మందిలో 35వ స్థానంలో ఉత్తీర్ణుడైన వైనం గానీ తెర మీద కనిపించవు. ఒక పైలట్ తాగుతాడు, ఇంకొకడు దూకుడుగా ఎగురుతాడు. వారి గురించి మనకు తెలిసేది దాదాపు అంతే. ఎర్రతోకల మస్టాంగ్ విమానాలను చూసి తొమ్మిదేళ్ల మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు, ఆ ఆనందాన్ని నేను కాదనను.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది అధికారుల క్లబ్బు ఘట్టం. మొదట అవమానం ఎదురైన ఆ క్లబ్బులోకే, ఈ పైలట్లు తమ బాంబర్లను కాపాడిన తరువాత తెల్ల అధికారులు వారిని పిలిచి ఆదరిస్తారు. ప్రతిభ చూపితే తలుపు తెరుచుకుంటుందన్నమాట. చరిత్రలో జరిగింది వేరు. 1945 మార్చి 24న బెర్లిన్ దాడిలో ఈ దళం మూడు జర్మన్ జెట్ విమానాలను కూల్చింది. రెండు వారాలు తిరగకముందే ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డ్ స్థావరంలో, తెల్లవారి క్లబ్బులో అడుగుపెట్టిన నల్ల అధికారులను నిర్బంధించారు, క్లబ్బులను వేరుచేసే ఉత్తర్వు మీద సంతకం చేయబోమన్న 101 మందిని అరెస్టు చేశారు. సైన్యంలో వర్ణవివక్షను అంతం చేయాలన్న అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం రావడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ సంగతి పిల్లలకు చెబుతుండగా, “అమ్మా, మనం అప్పుడు అక్కడ ఉంటే ఏ క్లబ్బులోకి రానిచ్చేవారు?” అని మా అమ్మాయి అడిగింది. బాగా చదువుకో, నిన్నెవరూ ఏమీ అనలేరు అని దానికి చిన్నప్పటి నుంచి నూరిపోసింది నేనే. డేవిస్ కంటే బాగా ఎవరు చదివారు? పౌరహక్కుల పోరాటం తెచ్చిన మార్పుల్లో భాగంగానే 1965 వలస చట్టం వచ్చి మనవాళ్లకు ఈ దేశపు దారి తెరిచిందని కూడా నేను ఏనాడూ ఇంట్లో చెప్పలేదు. పైగా, ఎండలో ఆడితే నల్లబడిపోతావే తల్లీ అని ఫోన్లో మా అమ్మ మందలించిన ప్రతిసారీ మౌనంగా ఊరుకున్నాను.

తరువాతి శనివారం రెండు గంటలు కారు నడిపి పిల్లలను ఆ పైలట్లు శిక్షణ పొందిన టస్కీగీలోని మోటన్ ఫీల్డ్‌కు తీసుకెళ్లాను. అబ్బాయి విమానం దగ్గరి నుంచి కదలలేదు. అమ్మాయి మాత్రం గోడల మీది ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూస్తూ, వీళ్లలో ఆ 101 మంది ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ వచ్చింది. ఆదివారం మా అమ్మ మళ్లీ ఎండ మాట ఎత్తింది. పిల్లలు వింటుండగానే ఆ మాట ఇక వద్దమ్మా అన్నాను. ఎందుకే అని ఆవిడ అడిగితే, ఫోన్ మా అమ్మాయి చేతికిచ్చాను.