తూర్పు బెర్లిన్ పంక్ పిల్లలు

శనివారం. పొద్దునంతా బట్టలుతకడం, సామాన్లు తేవడం, మధ్యాహ్నం ఎవరో అమ్ముతున్న పాత పుస్తకాల షెల్ఫ్ చూడ్డానికి బెర్లిన్‌లోనే ఉన్న రుమెల్స్‌బుర్గ్ దాకా వెళ్ళడం, ఇంతే ఈ రోజు. దారిలో ఎర్లోజర్‌కిర్షె కనబడింది. ఎర్ర ఇటుకల చర్చి, తలుపులు వేసి ఉన్నాయి. దాని గురించి చదవడమే గానీ ఎప్పుడూ అటు వెళ్ళలేదు. కాసేపు కదల్లేకపోయాను.

1983 వేసవిలో నామెన్‌లోస్ అనే పంక్ (కరుకుగా, తిరుగుబాటుగా ఉండే రాక్ సంగీతం) బ్యాండ్ ఇక్కడ పాడింది. అప్పటి కమ్యూనిస్టు తూర్పు జర్మనీలో బ్యాండ్ పెట్టి నలుగురి ముందు వాయించాలంటే ముందు సర్కారు కమిటీకి వినిపించి పర్మిషన్ తెచ్చుకోవాలి. ఈ పిల్లలకి పర్మిషన్ ఎవరిస్తారు? పోలీసులు అంత తేలిగ్గా జొరబడలేని చోటు చర్చి ఒక్కటే కాబట్టి, దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, తలుపు తీసిన పాస్టర్ల దగ్గరికి చేరారు. ఆ జనంలో స్టాసీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసులు) మనుషులు ఉంటారని అందరికీ తెలుసు. తెలిసి కూడా ఈ బ్యాండ్ ఏకంగా స్టాసీ మీదే పాట కట్టింది! గాయని యానా ష్లోసర్‌కి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఆ ఆగస్టులోనే బ్యాండ్‌ని అరెస్టు చేశారు. పాటలతో రాజ్యాన్ని కించపరిచారని కేసు, ఏడాదిన్నర దాకా జైలు. పంక్‌ల మీద కఠినంగా ఉండమని స్టాసీ మంత్రి ఎరిక్ మీల్కె ఆదేశించింది కూడా ఆ ఏడాదే.

గిటార్ మీద మూడు కార్డ్స్ (స్వరాల కూర్పులు) వాయించే పిల్లలంటే అంత భయం ఎందుకు అని షెల్ఫ్ మోసుకుంటూ ట్రైన్‌లో అదే ఆలోచన. లండన్‌లో పంక్ మొదలైనప్పుడు ఉద్యోగాల్లేని కుర్రాళ్ళు మాకు భవిష్యత్తే లేదని అరిచారు. ఇక్కడ అంతా తలకిందులు. బడి, యువజన సంఘం, మిలిటరీ, ఫ్యాక్టరీ, అన్నీ ముందే ఎవరో రాసిపెట్టేశారు, పని చెయ్యనంటే అదీ నేరమే. అలాంటి చోట జుట్టు నిక్కబొడిచేలా పెట్టుకుని వీధిలో నడిచినా, నా బతుకు మీరు రాసినట్టు బతకను అని చెప్పినట్టే. సర్కారుకి అది సరిగ్గానే అర్థమైంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం జైలు కాదు. అదే 1983లో కొందరు దొంగచాటుగా రికార్డు చేసిన పాటలు పశ్చిమ బెర్లిన్‌లో ఎల్పీగా (గ్రామఫోన్ రికార్డుగా) వచ్చాయి. ఒకవైపు ఎర్‌ఫుర్ట్ బ్యాండ్ ష్లైమ్‌కైమ్, పేరు మార్చుకుని. రికార్డు రెండోవైపు పాడిన బ్యాండ్‌లో ఉన్న కవి సాషా ఆండర్సన్ స్టాసీకి సమాచారం ఇస్తున్నవాడని బెర్లిన్ గోడ కూలాక బయటపడింది. పక్కన నిలబడి పాడినవాడే! దీన్ని మిగతావాళ్ళు ఎలా దిగమింగుకున్నారో నాకు ఊహకి కూడా అందదు.

రాత్రి తమ్ముడు ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. "అంత కష్టమైతే పశ్చిమానికి వెళ్ళిపోవచ్చుగా" అన్నాడు. వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, ఉండిపోయినవాళ్ళ ఊరు మాత్రం సర్కారు సొంత ఆస్తా అని గట్టిగానే అడిగాను. వాడు ఒప్పుకోలేదు. నామెన్‌లోస్ పాట లింకు పంపించాను, ముందు విను, రేపు మాట్లాడదాం అని.