సారా అన్నందుకు

"సారా అనే మాట ఈ బార్లో ఇంకోసారి వినపడిందంటే ఆ రోజే మూట సర్దుకో" అన్నాడు మా మేనేజర్. ఆయనదీ చిత్తూరు జిల్లానే. తిట్టాల్సి వచ్చినప్పుడే తెలుగులోకి దిగుతాడు.

నేనన్నది పెద్ద మాటేం కాదు. బెంగళూరు కోరమంగళలో మా బార్‌కి అప్పుడప్పుడూ ట్రైనింగ్ పెడతారు. మొన్నొచ్చినాయన స్కాట్లాండ్‌లో ఫైఫ్ అనే చోట ఉన్న డాఫ్ట్‌మిల్ అనే విస్కీ డిస్టిలరీ ఫొటోలు చూపించాడు. ఓ రైతు కుటుంబం. సొంత పొలంలో బార్లీ, పాత కొట్టంలో రాగి బానలు. పొలంపని తెరిపి ఇచ్చినప్పుడే, వేసవిలో కొన్నాళ్ళు, చలికాలంలో కొన్నాళ్ళు కాస్తారంట. "అంటే నాటుసారానే గదా సార్" అన్నా. మనవాళ్ళిద్దరు నవ్వారు. అంతే.

నాలుగు రోజులైంది, ఇంకా మింగుడు పడలేదు. పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చి పట్టడమేగా రెండుచోట్లా? వాళ్ళ బానకి ఫొటో తీస్తారు, మనోళ్ళ బానని పగలగొట్టి ఫొటో తీస్తారు.

బార్లీని మొలకెత్తించి ఎండబెట్టడం, అదే మాల్టింగ్, గురించి చెబుతుంటే నాకు మా అమ్మే కనపడింది. రాగులు రాత్రంతా నానేసి, తడిగుడ్డలో మూటగట్టి, తెల్లగా మొలక తొంగిచూడగానే చాపమీద ఎండబెడుతుంది. ఎండిన మొలకలు గరగరలాడతాయి, నోట్లో వేసుకుంటే తియ్యగుంటాయి. మొలకెత్తిన బార్లీ కూడా అలాగే తీపెక్కుతుంది, ఆ తీపే తర్వాత పులుస్తుంది. ఇది నేర్చుకోడానికి నాకు స్లైడు కావాలా?

అయినా నిజం చెప్పుకోవాలి. మా వైపు నేను చూసిన బట్టీలో పొలంలో పండిందేదీ లేదు. కొనుక్కొచ్చిన నల్లబెల్లం, తుమ్మచెక్క, నీలం డ్రమ్ములో ఊట. కాచింది కాచినట్టు అమ్ముడుపోవాలి. డాఫ్ట్‌మిల్‌లో మొదట కారేది, చివర కారేది పక్కనబెట్టి మళ్ళీ కాస్తారు, నడిమిది మాత్రమే పీపాలోకి పోతుంది. 2005లో మొదలుపెట్టి 2018 దాకా ఒక్క సీసా అమ్మలేదన్నప్పుడు మాత్రం నోరు మూసుకున్నా. ఏటా రెండు శాతం దాకా పీపాలోంచే ఆవిరైపోతుందంట, దాన్ని దేవతల వాటా అంటారంట. బెంగళూరు వేడికైతే పది శాతం దాటుతుంది. మా ఊళ్ళో ఆ వాటా తీసుకునేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు.

సారా అంటే మా అమ్మకి మా నాన్నే గుర్తొస్తాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద కదిలాక మా ఊరి ఆడవాళ్ళూ సారా అంగడి మీదికి వెళ్ళారు. పొరక తీసుకుని అమ్మ కూడా పోయింది. ఆ సారా కూడా ఎవరి పొలంలోదీ కాదు, వేలంపాటలో అంగడి దక్కించుకున్నోళ్ళు అమ్మిన సరుకు. 1993 అక్టోబర్ 1 నుంచి నిషేధం అన్నారు. మా నాన్న అంతదాకా లేడు.

రాత్రి ఫోన్లో ఆగలేక అమ్మకి చెప్పేశా. "సొంత బార్లీతో కాచి పన్నెండేళ్ళు అమ్మకుండా పెట్టారంట మా."

"పన్నెండేళ్ళు ఇంట్లోవాళ్ళు ఏం తిన్నార్రా?"

"సేద్యం ఉంది గదా."

కాసేపు మాట్లాడలేదు. "ఇదంతా నీకెవరు చెప్పారు?" అంది.

నేను హోటల్లో పనిచేస్తున్నానని ఆమెకి తెలుసు. అంతవరకే తెలుసు. భోజనానికొచ్చినాయన చెప్పాడన్నా.